చివర నడిచేవారి అడుగు



ప్రతి ఏటా పంటలు ఇంటికి చేరి, సంక్రాంతి సెలవులు దగ్గర పడేసరికి నాకు ఒకే రకమైన ప్రశ్న వస్తూ ఉంటుంది. ఈసారి ఒక పల్లెసంఘపు యౌవనస్థుల నాయకుడు అడిగాడు: “అయ్యగారూ, మా పిల్లలను, పెద్దలను ఒక రోజంతా బయటికి తీసికొని వెళ్ళాలని ఉంది. వ్యాను దిగి, బిర్యానీ తిని, ఫొటోలు తీసుకుని తిరిగి రావడం కాదు. కలిసి నడవాలి. అడవి చూడాలి, సముద్రం చూడాలి, ఏరు చూడాలి. ఎలా ఏర్పాటు చేయాలి?”

మంచి కోరిక. పొలానికీ ఇంటికీ, బడికీ ఇంటికీ మధ్య తప్ప వేరే దారిలో కలిసి నడిచే అవకాశం మన కుటుంబాలకు తక్కువ. ఒక రోజు కలిసి నడిచినవారు ఏడాదంతా పక్కపక్కన కూర్చున్నవారికంటె ఎక్కువగా ఒకరినొకరు తెలిసికొంటారు. గనుక ఈ నెల ఆ విషయమే వ్రాస్తున్నాను. నాకు బాగా తెలిసిన ఒక దారినే ఉదాహరణగా తీసికొంటాను. ఆ దారిలో నేను చేసిన తప్పు కూడ దాచకుండా చెబుతాను. ఎందుకంటే ఏర్పాటు అంటే ఏమిటో నాకు నేర్పినది ఆ తప్పే.

దారి

విశాఖపట్నం నుండి భీమునిపట్నం వెళ్ళే సముద్రతీరపు రోడ్డు మీద, నగరానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో తొట్లకొండ ఉంది. సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తు. చుట్టూ ముళ్ళపొదలు, పొట్టి చెట్లు ఉన్న ఎండు అడవి. పైన రెండు వేల సంవత్సరాల నాటి బౌద్ధ విహారపు శిథిలాలు ఉన్నవి. 1976లో నౌకాదళం వారు విమానం నుండి జరిపిన సర్వేలో ఇవి బయటపడ్డవి. 1988 నుండి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖవారు త్రవ్వకాలు జరిపారు.

కొండ దిగి రోడ్డు దాటితే మంగమారిపేట తీరం. అక్కడ అలలు తొలిచిన రాతి తోరణం ఒకటి ఉంది. సముద్రం వెనుకకు తీసినప్పుడు అది చక్కగా కనబడుతుంది. అక్కడనుండి ఉత్తరముగా, భీమిలి వైపు, ఒక ప్రక్క సముద్రం, ఒక ప్రక్క సరుగుడు తోటలు, జాలరి పల్లెలు. ఇంకా ముందుకు పోతే ఎర్రమట్టి దిబ్బలు. వేల సంవత్సరాలలో గాలి, నీరు పోగుచేసిన ఇసుక అది. ఇనుము తుప్పు వంటి పూత రేణువులకు పట్టినందున ఎర్రనైనది. వాన నీరు ఆ దిబ్బలను కోసి లోతైన గెడ్డలుగా చేసినది. దేశములో ఇటువంటి స్థలములు అరుదు గనుక భారత భూగర్భ సర్వేక్షణ శాఖ దీనిని జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించినది. 2025లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో కూడ దీని పేరు చేరినది.

దిబ్బలు దాటిన తరువాత భీమిలి. పదిహేడవ శతాబ్దములో డచ్చివారు వర్తకమునకు వచ్చి స్థిరపడిన రేవు అది. వారి సమాధులు నేటికీ ఉన్నవి. 1861లోనే పురపాలక సంఘమైన ఊరు. ఆ ఊరి అంచున గోస్తనీ నది సముద్రములో కలుస్తుంది. అనంతగిరి కొండలలో, బొర్రా గుహల దగ్గర పుట్టిన ఏరు అది.

కొండ క్రిందనుండి నదీముఖము వరకు, కొండ ఎక్కి దిగడంతో, ఒంపులతో కలిపి మేము నడిచినది ఇంచుమించు 14 కిలోమీటర్లు. అడవి, తీరము, ఏరు మూడూ ఒక్క రోజులో చూడవచ్చును. దారి పొడవునా రోడ్డు దగ్గరలోనే ఉంటుంది గనుక ఎవరికైనా బాగుండకపోతే వ్యాను ఎక్కించవచ్చును. పిల్లలు, పెద్దలు ఉన్న గుంపుకు ఇది ముఖ్యము. తిరిగి రావడానికి మార్గం లేని దారిని అందరికోసం ఎంచుకోకూడదు.

నేను చేసిన తప్పు

2023 జనవరిలో మా సంఘమునుండి 34 మందిని ఈ దారిన తీసికొని వెళ్ళాను. ఏర్పాట్లు అన్నీ చేశాననుకున్నాను. వ్యాను మాట్లాడాను, పులిహోర వండించాను, పాటల కాగితాలు అచ్చు వేయించాను. దారిని మాత్రం ముందుగా వెళ్ళి చూడలేదు. “రోడ్డు ప్రక్కనే కదా” అనుకున్నాను.

వ్యాను ఆలస్యమై తొమ్మిదిన్నరకు గాని కొండ క్రిందికి చేరలేదు. తీరం మీద నడిచేసరికి ఎండ ముదిరింది. మధ్యాహ్నం ఒంటిగంటకు, నీడ లేని వేళకు, దిబ్బలలోకి దిగాము. నేను యౌవనస్థులతో కలిసి ముందు నడుస్తూ పాట ఎత్తుకున్నాను. బలవంతులు గనుక నీళ్ళ డబ్బాలు కూడ వారే మోస్తున్నారు. అంటే నీళ్ళు గుంపుకు ముందు భాగంలోనే ఉన్నవి. ఒక చోట గెడ్డ విశాలమై, ఎర్రని గోడలు ఇరువైపులా అందంగా కనబడేసరికి అందరూ ఫొటోలకు నిలబడ్డారు. పాట ఆగింది. తరువాత మరల నడిచి అవతలి వైపు రోడ్డెక్కాము. అప్పుడు లెక్కపెట్టాను. 32 మంది ఉన్నారు.

లేనిది ఎవరంటే, డెబ్బైకి దగ్గర పడిన ఒక మామ్మగారు, ఆమె ఏడేళ్ళ మనవడు. ఆ అబ్బాయి తల్లి కూలిపని మానుకోలేక, తన తల్లి చేతికి, నా మాట మీద, కొడుకును అప్పగించి పంపింది.

ఆ గెడ్డలు ఒకదానిలోనుండి ఒకటి చీలిపోతూ ఉంటవి. ఏది చూచినా ఒకే రంగు, ఒకే గోడ. పిలిస్తే మాట మలుపు దాటదు. ఒక ప్రక్క సముద్రం. గంటన్నర వెదికాము. ఆ గంటన్నరలో నేను చేసిన ప్రార్థనలో మాటలు లేవు. చివరకు మేకలు కాచుకునే ఒకాయన వారిని తీసికొని వచ్చాడు. జీడిమామిడి చెట్టు నీడన పిల్లవానిని ఒడిలో పెట్టుకుని మామ్మగారు కూర్చుని ఉన్నారట. పిల్లవాని పెదవులు ఎండి పగిలినవి.

నేను ఆమె చేతులు పట్టుకున్నాను. ఆమె నన్ను నిందించలేదు. “మీ పాట ఇనబడ్డంతసేపూ పాటెనకే వొచ్చినాం అయ్యగారూ. పాట ఆగిపోనాది. ఆ మీద ఎటెళ్ళాలో తెలవలేదు” అన్నారు.

రాత్రి పిల్లవానిని ఇంటికి చేర్చి, జరిగినది దాచకుండా తల్లికి చెప్పాను. ఆమె అంతా విని ఒకే ప్రశ్న అడిగింది. “నీళ్ళు ఎవరి దగ్గర ఉన్నాయండీ?”

నా దగ్గర జవాబు లేదు. ముందు నడిచే బలవంతుల దగ్గర నీళ్ళు, వెనుక నడిచే ముసలమ్మ దగ్గర పిల్లవాడు. నేను చేసిన ఏర్పాటు అది.

కొలత ఎవరిది?

దూరపు నడకకు ఎంతసేపు పడుతుందో లెక్కవేయడానికి ఒక పాత సూత్రం ఉంది. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండు పర్వతారోహకుడు చెప్పినది. ప్రతి మూడు మైళ్ళకు ఒక గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకు ఇంకొక గంట. ఆ లెక్కన మా 14 కిలోమీటర్లు, తొట్లకొండ ఎక్కడంతో కలిపి, మూడు గంటల పదినిమిషాలలో ముగియవలెను. అది ఆగకుండా నడిచే ఆరోగ్యవంతుని లెక్క. తడి ఇసుక మీద, చంటిపిల్లల తల్లులతో, మోకాళ్ళ నొప్పులవారితో నడిచే గుంపుకు గంటకు రెండు కిలోమీటర్లు అనుకోవలెను. విశ్రాంతి వేళ వేరు. అంటే సూత్రం మూడు గంటలంటే, మనకు పూర్తిగా ఒక పగలు.

ఆదికాండము 33వ అధ్యాయములో యాకోబు చేసిన ప్రయాణపు ఏర్పాటు నాకు ఆ తరువాతే అర్థమైనది. ఏశావు నాలుగు వందల మందితో వచ్చి, కలిసి పోదాము రమ్మన్నాడు. యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు పసివారు, మందలో పాలిచ్చే పశువులు ఉన్నవి, ఒక్క రోజు తొందరపెట్టి తోలినా మంద నిలువదని చెప్పి, పిల్లల నడకకు తగినట్టు మెల్లగా వస్తానన్నాడు. పరుగెత్తగలవారి కొలత అతడు తీసికొనలేదు.

గనుక ఏర్పాటు మొదలుపెట్టే రోజున కాగితం మీద మొట్టమొదట వ్రాయవలసినది స్థలముల పేర్లు కాదు. గుంపులో అందరికంటె మెల్లగా నడిచే ముగ్గురి పేర్లు. తరువాత ప్రతి లెక్కా వారికోసం వేయండి. వారికి సరిపోయిన ఏర్పాటు అందరికీ సరిపోతుంది.

రోజు, వేళ

ఈ తీరములో నడవడానికి మంచి కాలం డిసెంబరు చివరినుండి ఫిబ్రవరి నడిమి వరకు. మార్చి దాటితే ఎండ పనికిరాదు. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ తీరాన్నే తాకినది. ఎంచుకున్న రోజుకు ముందు మూడు రోజులు వాతావరణ శాఖ మాట, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే పెద్ద అలల హెచ్చరిక తప్పక చూడండి. హెచ్చరిక ఉంటే రోజు మార్చండి. వ్యానుకు ఇచ్చిన బయానా పోతే పోనివ్వండి.

పున్నమి, అమావాస్యలకు ఆటుపోట్ల తేడా ఎక్కువ. అష్టమి ప్రాంతంలో తక్కువ. పోటు వేళ రోజుకు ఇంచుమించు యాభై నిమిషాలు వెనుకకు జరుగుతూ ఉంటుంది. మీరు తీరాన నడిచే వేళకు ఆటు ఉండేటట్టు చూచుకోండి. గట్టి ఇసుక దొరుకుతుంది, రాళ్ళ దగ్గర అలల భయం తగ్గుతుంది. ఈ సంగతి పల్లెలోని జాలరి సోదరులను అడిగితే నోటిమీద చెబుతారు.

జనవరి మొదటి వారాలలో అక్కడ ప్రొద్దు పొడుపు ఆరున్నరకు, అస్తమయము సాయంత్రం అయిదున్నరకు కాస్త అటూ ఇటూగా. అంటే పదకొండు గంటల వెలుగు. అందులో చివరి గంటను లెక్కలోకి తీసికొనకుండా ఉంచండి. అది ఆలస్యముల కొరకు.

ముందుగా నడిచి రావలెను

రెండు వారాల ముందు ఇద్దరు ముగ్గురు కలిసి అదే దారిని, అవే వేళలలో, నడిచి రండి. తొట్లకొండ గేటు ఎప్పుడు తెరుస్తారో, టిక్కెట్టు ఎంతో కనుక్కోండి. నీడ ఎక్కడెక్కడ ఉన్నదో గుర్తుపెట్టుకోండి. వ్యాను ఎక్కడ ఆగగలదో చూడండి. దిబ్బలకు ఇవతల నౌకాదళం వారి స్థలం ఉంది. దాని కంచె దగ్గరకు పోకూడదు, ఫొటోలు తీయకూడదు. అక్కడ తీరం వదిలి రోడ్డు పట్టవలెను.

ఇంకొక మాట. మన ఏర్పాట్లలో మగవారు మరచిపోయేది ఇది. స్త్రీలకు, ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఎక్కడ? దారిలో ఎక్కడెక్కడ ఉన్నవో, ఏ గంటకు అక్కడికి చేరుతారో ముందే చూచి, బయలుదేరే ముందు వారికి చెప్పండి. ఈ సంగతి చెప్పకపోతే వారు దాహం వేసినా నీళ్ళు త్రాగరు. త్రాగక ఎండలో పడిపోతారు. ఈ పనికి ఒక సహోదరిని ముందు నడకకు తప్పక తీసికొని వెళ్ళండి.

నీళ్ళు, ఆహారము, కాళ్ళు

తొట్లకొండకు ఆ పేరు ఎందుకు వచ్చినదో తెలుసా? ఆ కొండ రాతిలో నీటి తొట్లు తొలిచి ఉన్నవి. ఊట లేని కొండ మీద కాపురం పెట్టిన ఆ భిక్షువులు వాన నీటిని రాతిలో దాచుకున్నారు. రెండు వేల ఏండ్ల తరువాత వారి ఏర్పాటును బట్టే కొండకు పేరు నిలిచినది. పిల్లలకు ఆ తొట్లు చూపి ఈ సంగతి చెప్పండి. అది వారు పవిత్రముగా ఎంచిన స్థలం గనుక స్తూపముల మీద ఎక్కడం, అక్కడ తినడం, కేకలు వేయడం తగదు.

పెద్దవారికి మూడు లీటర్లు, పిల్లలకు అందులో సగంపైన నీరు కావలెను. ప్రతి ఒక్కరి నీరు వారి వద్దనే ఉండవలెను. ఒకరి నీరు మరొకరు మోయకూడదు. అలసటకు, విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఉంచుకోండి. అవి లేకపోతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు సమమైన టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలపండి. ఉప్పు ఎక్కువ కాకూడదు.

ఉదయమే చద్దన్నం మజ్జిగతో తిని బయలుదేరితే మంచిది. మధ్యాహ్నానికి పులిహోర. నడుమ అరటిపండ్లు, వేరుశనగ ఉండలు. మాంసపు కూర, కొబ్బరి పచ్చడి ఎండకు పాడవుతవి. వాటిని సాయంత్రం ఇంటికి వచ్చాక తినవచ్చును.

నడక కొరకు కొత్త బూట్లు కొనకండి. కొనక తప్పకపోతే రెండు వారాలు ముందే తొడిగి పొలానికి వెళ్ళి రండి. హవాయి చెప్పులు ఇసుకకు సరే గాని కొండకు పనికిరావు. తలకు తువ్వాలు గాని టోపీ గాని ఉండవలెను. బి.పి., చక్కెర వ్యాధి ఉన్నవారు ఆ రోజు మాత్రలు ఎప్పుడు వేసుకోవలెనో తమ వైద్యుని అడిగి రావలెను. వారి జేబులో బెల్లం ముక్క ఉండవలెను.

మూడు అపాయములు

మొదటిది సముద్రం. ఈ తీరములో అలల మధ్య ఒక చోట నీరు ప్రశాంతముగా, అల విరగకుండా కనబడుతుంది. ఈత రానివారు అదే మంచి చోటనుకుంటారు. అది లోపలికి లాగే నీటిపాయ కావచ్చును. పొరబాటున చిక్కితే ఒడ్డుకు ఎదురు ఈదకూడదు. తీరము వెంబడి ప్రక్కకు ఈది, పాయ దాటి, అప్పుడు ఒడ్డుకు రావలెను. మన గుంపుకు నియమం ఇంకా సులువు. చీలమండ దాటి ఎవరూ దిగకూడదు. రాతి తోరణం దగ్గర సముద్రానికి వీపు పెట్టి ఫొటోకు నిలబడకూడదు.

రెండవది పాము. కొండ దారి వదిలి పొదలలోకి పోకండి, రాళ్ళ సందులలో చేతులు పెట్టకండి. ఒకవేళ కరిస్తే కోయకూడదు, పీల్చకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు, నాటుమందు కోసం పరుగెత్తకూడదు. కరిచిన కాలిని కదలనివ్వకుండా, ధైర్యం చెబుతూ, 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. విషానికి విరుగుడు ఇంజక్షను అక్కడే ఉన్నది. మన ప్రార్థన ఆ ప్రయాణంలో తోడుగా ఉండవలెను గాని ఆ ప్రయాణానికి బదులుగా ఉండకూడదు.

మూడవది ఎర్ర దిబ్బలు. నిట్టనిలువు గోడల క్రింద కూర్చోకూడదు, అంచుల మీదికి ఎక్కకూడదు. ఆ మట్టి జారుతుంది. అంతేగాక అది చెడిపోతే మరల కట్టలేము. లోపల ఎవరూ ఒంటరిగా మలుపు తిరుగకూడదు.

జనవరి నుండి మార్చి వరకు సముద్రపు తాబేళ్ళు రాత్రివేళ ఈ ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతవి. ఇసుకలో వాటి జాడలు కనబడితే త్రవ్వకండి. మన చెత్త మన సంచిలోనే తిరిగి రావలెను.

రెండవ నడక

రెండేండ్లు నాకు ధైర్యం చాలలేదు. 2025 జనవరిలో సంఘ పెద్దలే మరల అడిగారు. ఈసారి ముందుగా నడిచి వచ్చాము. పేర్లు వ్రాశాము. మొదటి మూడు పేర్లలో ఆ మామ్మగారి పేరు ఉన్నది. ఆమె వస్తారని నేను అనుకోలేదు. ఆమె కూతురు కూడ ఆ రోజు పని మానుకుని వచ్చింది. నన్ను నమ్మి వచ్చిందో, నమ్మక వచ్చిందో నేను అడుగలేదు. రెండూ న్యాయమే.

41 మందిమి. ప్రతి ఒక్కరి చేతిలో లీటరున్నర సీసా. మధ్యాహ్నపు చోట వ్యానులో ఇరవై లీటర్ల డబ్బాలు మూడు. ఏడు గంటలకు కొండ ఎక్కి, ఎనిమిదిన్నరకు దిగాము. పన్నెండు లోపు తీరపు నడక ముగించి, ఒకటిన్నర వరకు సరుగుడు తోటలో నీడన తిని పడుకున్నాము. మూడింటి వరకు దిబ్బలు. రెండున్నర దాటినా దిబ్బల దగ్గరకు చేరకపోతే లోపలికి దిగకుండా అందరమూ వ్యాను ఎక్కి భీమిలి పోవలెనని ముందే ఒప్పుకున్నాము. ఆ మాట ఉదయమే చెప్పవలెను. అలసినప్పుడు చెబితే తగవులు వస్తవి.

అందరినీ జతలుగా చేశాము. ఆగిన ప్రతిచోటా, మరల బయలుదేరే ముందు, లెక్క. ఈసారి అందరికంటె ముందు కర్ర పట్టుకుని మామ్మగారు నడిచారు. ఆమెను దాటి ఎవరూ పోకూడదు. అందరికంటె బలమైన ఇద్దరు యువకులు మందుల సంచి, అదనపు నీళ్ళు మోస్తూ అందరికంటె వెనుక నడిచారు. మొదట ఆ ఇద్దరూ కొంచెం గొణిగారు. “అయ్యగారూ, మేం ముందుంటే ఈపాటికి భీమిలిలో ఉండేవాళ్ళం” అన్నారు. ఎండవేళ దిబ్బలలో ఒక తల్లికి కళ్ళు తిరిగినప్పుడు, మేము ముందున్నవారం వెనుదిరిగి చూచేలోగానే వారు ఆమెను నీడకు చేర్చి ఉప్పు చక్కెర నీళ్ళు త్రాగిస్తున్నారు. ఆ తరువాత గొణగలేదు.

పాట కూడ వెనుకనుండి ఎత్తమన్నాను. పాట వెనుకనుండి వస్తూ ఉంటే, చివరివారు క్షేమముగా ఉన్నారని ముందున్నవారికి తెలుస్తూ ఉంటుంది. పాట ఆగితే గుంపంతా ఆగవలెను. ఆ రోజు రెండుసార్లు ఆగినది. రెండుసార్లూ ఆగి చూచుకున్నాము.

అయిదింటికి పది నిమిషాలు ఉండగా గోస్తనీ ఒడ్డున ఇసుకలో కూర్చున్నాము. 41 మంది. ఎక్కడో బొర్రా కొండలలో పుట్టిన నీరు మా ముందు సముద్రములో కలుస్తున్నది. పిల్లవాడు, ఇప్పుడు తొమ్మిదేండ్లవాడు, నీటి దగ్గరకు పరుగెత్తాడు. “చీలమండ దాటొద్దు!” అని నలుగురు ఒకేసారి అరిచారు. వాని తల్లి నా ప్రక్కకు వచ్చి తన సీసా చూపించింది. అందులో ఇంకా కొంచెం నీరు మిగిలి ఉన్నది. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, మీ ఊరి దగ్గర అడవి వేరు, ఏరు వేరు. మీ దారి మీరే చూచుకోండి. అయితే కాగితం తీసికొన్నప్పుడు ముందుగా ఆ మూడు పేర్లు వ్రాయండి. వారిని వెళ్ళి అడగండి: ఎంత దూరం నడవగలరు, ఎక్కడ కూర్చోవలెను, ఏమి కావలెను? వారు “మేము రాము, మీకు భారము” అంటే, వారు లేకుండా ఏర్పాటు చేయకండి. దారి తగ్గించండి.

వచ్చే నెల మరల కలుసుకుందాము.

మీ సహోదరుడు